క్యూలో మా వెనకున్న ఆవిడ

తొమ్మిదేళ్ల కిందటి మాట. పరాయి దేశంలో ఒక ఎయిర్‌పోర్టు, సెక్యూరిటీ చెకింగ్ దగ్గర పెద్ద క్యూ. నేనూ, నా స్నేహితుడూ, వాడి భార్యా, వాళ్ల ఏడేళ్ల కొడుకూ. రాత్రంతా ప్రయాణం, ఎవరికీ నిద్ర లేదు. పిల్లాడి చేతిలో ఎర్ర బొమ్మ కారు. దాన్ని నేల మీద తోసుకుంటూ, క్యూకి కట్టిన పట్టీ కిందనుంచి అవతలి వరసలోకి దూరిపోతున్నాడు. వాళ్ల నాన్న రెండుసార్లు వద్దన్నాడు. మూడోసారి రెక్క పట్టుకుని ఇవతలికి లాగి వీపు మీద ఒక్కటిచ్చాడు. దెబ్బ పెద్దదేం కాదు గానీ చప్పుడు మాత్రం గట్టిగా వచ్చింది.

మా వెనక ఒకావిడ నిలబడి ఉంది. అరవై దాటి ఉంటాయి. ఒకడుగు ముందుకేసి, గొంతు పెంచకుండా, "ఇక్కడ పిల్లల్ని కొట్టకూడదు" అంది. మావాడు ఏదో అనబోయేలోపే, "ఇక్కడనే కాదు, ఎక్కడా కొట్టకూడదు" అని కూడా అంది.

చుట్టూ ఉన్నవాళ్లంతా మాటలు ఆపేశారు. మావాడి చెవులు ఎర్రబడ్డాయి. పిల్లాడు ఏడుపు మింగి ఆవిడ వైపు ఒకసారి చూశాడు. చూసి, గబగబా వెళ్లి వాళ్ల నాన్న కాలు పట్టుకుని వెనక దాక్కున్నాడు. కొట్టిన మనిషి వెనకే, కాపాడటానికి వచ్చిన మనిషికి కనపడకుండా. వాళ్లమ్మ కాస్త గట్టిగానే ఆవిడతో, "మా పిల్లాణ్ణి మేం చూసుకుంటాం, థాంక్యూ" అంది.

విమానం ఎక్కాక కూడా మావాడి కోపం చల్లారలేదు. "ఆవిడెవరు నాకు చెప్పడానికి? నా కొడుకంటే నాకు ప్రేమ లేదా? ప్రపంచంలో ప్రతివాడికీ పాఠాలు చెప్పే జబ్బు వీళ్లకి" అని గంటసేపు ఊగిపోయాడు. నేనూ తలూపాను. మర్యాదకి కాదు, నిజంగానే నాకూ అలాగే అనిపించింది. మనం చిన్నప్పుడు తినని దెబ్బలా, ఇప్పుడేమైపోయామని? (ఈ వాదనలో పస లేదని అప్పట్లో తట్టలేదు. దెబ్బలు తిని కూడా బాగుపడ్డవాళ్లే బయటికొచ్చి చెబుతారు. మిగతావాళ్లు చెప్పరు.)

ఈ మధ్య ఒక చర్చ వినడానికి వెళ్లాను. వేదిక మీదున్న వక్త, "ఏ సంస్కృతికీ ఇంకో సంస్కృతిని తప్పు పట్టే హక్కు లేదు" అన్నాడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొడుతుండగా ఆ క్యూ, ఆ పిల్లాడు దాక్కున్న తీరు గుర్తొచ్చి చేతులు ఆగిపోయాయి. ఇంటికొచ్చాక చాలా రోజులు అదే ఆలోచన.

ఆ చప్పట్లు ఊరికే రాలేదు

నిజం చెప్పాలంటే ఆ వక్త మాట అంత తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. నాగరికత నేర్పిస్తామంటూ బయల్దేరినవాళ్లు చేసినదంతా చూస్తే, ఎవరి జోలికీ ఎవరూ పోకుండా ఉంటే చాలు దేవుడా అనిపిస్తుంది.

కెనడా పశ్చిమ తీరపు ఆదివాసుల్లో పాట్‌లాచ్ అనే వేడుక ఉంది. పెళ్లికో, పేరు పెట్టడానికో, చనిపోయినవాళ్లని తలుచుకోవడానికో ఒక కుటుంబం అందర్నీ పిలుస్తుంది. ఏళ్ల తరబడి కూడబెట్టింది వచ్చినవాళ్లకి పంచిపెడుతుంది. ఎంత దాచుకున్నాడన్నది కాదు, ఎంత ఇచ్చేశాడన్నది అక్కడ మనిషి పరువు. కెనడా ప్రభుత్వం 1885 నుంచి దీన్ని నేరం చేసింది. మిషనరీలకీ అధికారులకీ ఇది దుబారాగా, అనాగరికంగా కనపడింది. ఉన్నదంతా పంచేసుకుంటే వీళ్లు ఎప్పటికి బాగుపడతారు, ఆస్తి అంటే ఏమిటో ఎప్పటికి తెలుసుకుంటారు అన్నది వాళ్ల బాధ. 1921 డిసెంబర్లో విలేజ్ ఐలాండ్ అనే చోట పెద్ద పాట్‌లాచ్ జరిగితే నలభై మందికి పైగా మీద కేసులు పెట్టారు. మీ మాస్కులూ వేడుక సామాన్లూ అప్పగిస్తే వదిలేస్తాం, లేదంటే జైలు అన్నారు. కొందరు అప్పగించారు, కొందరు జైలుకి వెళ్లారు. మాస్కులు ఒట్టావా, టొరంటో మ్యూజియంలకి వెళ్లాయి, కొన్నిటిని న్యూయార్క్ నుంచి వచ్చిన ఒక సేకర్త కొనుక్కుపోయాడు. 1951లో గానీ ఆ నిషేధం చట్టంలోంచి పోలేదు.

దొంగిలించినందుకు కాదు, ఉన్నది ఇచ్చేసినందుకు జైలు. వాళ్లని జైలుకి పంపినవాళ్లు ఆదివారం చర్చిలో దానధర్మాల గురించి విని వచ్చినవాళ్లే. పైగా వాళ్లంతా దుర్మార్గులు కూడా కాదు. మంచి చేస్తున్నామనే నమ్మకంతో చేసినవాళ్లు అందులో చాలామంది ఉండి ఉంటారు. నన్ను భయపెట్టేది అదే. దుర్మార్గుడికి ఎక్కడో ఒకచోట ఇక చాలనిపిస్తుంది. పుణ్యం చేస్తున్నాననుకునేవాడికి అనిపించదు.

ఈ చరిత్ర తెలిసినవాళ్లు 1947లో ఒక పని చేశారు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన తయారు చేస్తుంటే అమెరికా మానవశాస్త్ర సంఘం కార్యవర్గం ఒక లేఖ పంపింది. పశ్చిమ యూరప్, అమెరికాల విలువల్ని తీసుకొచ్చి ఇవే మనుషులందరి హక్కులు అంటే ఎలా అన్నది దాని సారాంశం. ఒకరి నీతిని కొలవడానికి ఇంకొకరి కొలబద్ద పనికిరాదని వాళ్ల వాదన. అదే సంఘం 1999లో మానవ హక్కుల్ని సమర్థిస్తూ వేరే ప్రకటన చేసింది. యాభై రెండేళ్లు పట్టింది. మనసు మార్చుకున్నందుకు వాళ్లని వెక్కిరించాలని నాకు లేదు. రెండుసార్లూ వాళ్లు నిజమైన ఇబ్బందినే చూశారు.

ఎవరి నీతి వాళ్లదే అంటే

ఆ వక్త మాటలో తర్కపరంగా ఉన్న చిక్కు అందరికీ తెలిసిందే. "ఎవరూ ఎవర్నీ తప్పు పట్టకూడదు" అన్నది కూడా ఒక నీతే, అదీ అందరికీ వర్తించాలంటున్న నీతి. ఇతరుల్ని లొంగదీసుకోవడమే మా సంస్కృతి అని ఎవడైనా అంటే అతనికి ఏం చెబుతాం? మీ ఆచారం మీది, కానివ్వండి అంటామా? కాలేజీ రోజుల్లో ఈ పాయింటు లాగి ఎదుటివాడి నోరు మూయించి గెలిచాననుకునేవాణ్ణి. ఇప్పుడు దీని మీద అంత మోజు లేదు. తర్కంలో ఓడినంత మాత్రాన పాట్‌లాచ్ కేసుల్లో జైలుకెళ్లినవాళ్ల బాధ అబద్ధం కాదు కదా.

నాకు ఇంకో కథ ఎక్కువ పనికొచ్చింది. ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పిన పాత కథే. పర్షియా చక్రవర్తి డరయస్ తన కొలువులో ఉన్న గ్రీకుల్ని పిలిచి, ఎంత డబ్బిస్తే మీ తండ్రుల శవాల్ని తింటారు అని అడిగాడట. ఎంతిచ్చినా తినం అన్నారు వాళ్లు. తర్వాత తండ్రుల శవాల్ని తినే ఆచారం ఉన్న కల్లాతియన్లని పిలిచి, ఎంత డబ్బిస్తే శవాల్ని కాలుస్తారు అని అడిగాడు. అలాంటి మాట ఎత్తొద్దని వాళ్లు కేకలు పెట్టారట. ఎవరి ఆచారం వాళ్లకి గొప్ప అని చెప్పడానికి రెండున్నర వేల ఏళ్లుగా ఈ కథ చెబుతున్నారు.

నాకు మాత్రం అందులో రెండు వేరే సంగతులు కనపడతాయి. పోయిన తండ్రి ఒంటికి అవమానం జరగకూడదన్న దగ్గర ఆ రెండు జాతులూ ఒక్కటే. పద్ధతి దగ్గరే తేడా వచ్చింది. ఇక రెండోది, ఈ ప్రశ్న వేసినవాడు చక్రవర్తి. గ్రీకులూ కల్లాతియన్లూ ఒకరినొకరు ఏమీ అడగలేదు. ఎత్తైన చోట కూర్చున్నవాడు, మధ్యలో దుబాసీని పెట్టుకుని, డబ్బు ఆశ చూపించి అడిగాడు. అలా అడిగితే ఎవరైనా తమ ఆచారాన్ని గుండెకి హత్తుకునే జవాబు చెబుతారు. అదే గ్రీకు, అదే కల్లాతియన్ దారిలో ఒక చెట్టు కింద కలిసి, "మీ నాన్న పోయినప్పుడు ఏం చేశారు?" అని మాట్లాడుకుని ఉంటే? ఒప్పుకునేవాళ్లని నేననట్లేదు. కానీ ఆ సంభాషణ వేరేగా ఉండేది.

సంస్కృతి తరఫున మాట్లాడేదెవరు

"మన సంస్కృతి", "వాళ్ల సంస్కృతి" అంటున్నప్పుడు మనకి తెలియకుండానే ఒక పొరపాటు చేస్తాం. సంస్కృతి ఒక మనిషి అయినట్టు, దానికి ఒకే నోరు ఉన్నట్టు మాట్లాడతాం. ఏ సమాజమైనా లోపలికి వెళ్లి చూస్తే ఒక నడుస్తున్న గొడవ. అందులో మైకు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు చెప్పిందే బయటికి "మా సంస్కృతి"గా వినపడుతుంది.

స్వలింగ సంబంధాల్ని నేరం చేసే చట్టాల కథ దీనికి మంచి ఉదాహరణ. 1533లో ఎనిమిదో హెన్రీ కాలంలో ఇంగ్లండ్‌లో వచ్చిన చట్టం మూలంగా పుట్టిన నీతి, 1860లో భారత శిక్షాస్మృతిలో 377వ సెక్షన్ అయి కూర్చుంది. అదే నమూనా బ్రిటిష్ పాలనలో ఉన్న చాలా దేశాలకి పాకింది. ఇంగ్లండ్ తన దగ్గర 1967లో ఆ నేరాన్ని చాలావరకు తీసేసింది. భారత సుప్రీంకోర్టు 2018లో, సింగపూర్ పార్లమెంటు 2022లో తమతమ చట్టాల్ని సరిచేసుకున్నాయి. ఇంకా ఎన్నో దేశాల్లో అది అలాగే ఉంది. అక్కడి నాయకులు దాన్ని కాపాడుతూ ఏమంటారంటే, స్వలింగ సంబంధాలు పాశ్చాత్యుల దిగుమతి, మా సంస్కృతి మీద రుద్దుతున్నారు అని. దిగుమతి అయింది చట్టం. వందేళ్లు వాడేసరికి అది సొంతమైపోయింది, దాన్ని తీసెయ్యమన్నవాడు పరాయివాడయ్యాడు.

మానవ హక్కుల ప్రకటనలోనూ ఇంతే. అది పాశ్చాత్యుల కాగితం అన్న మాట చాలాసార్లు వింటాం. మొదటి అధికరణంలో మగవాళ్లందరూ అని అర్థమొచ్చే ఇంగ్లీషు మాట తీయించి మనుషులందరూ అని పెట్టించింది భారత ప్రతినిధి హంసా మెహతా. దాన్ని రాసినవాళ్లలో చైనాకి చెందిన పి.సి. ఛాంగ్, లెబనాన్‌కి చెందిన ఛార్లెస్ మాలిక్ ఉన్నారు. 1948 డిసెంబర్ 10న ఓటింగ్ జరిగితే 48 దేశాలు సరేనన్నాయి, వ్యతిరేకించినవి లేవు, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి. మతం మార్చుకునే స్వేచ్ఛ దగ్గర సౌదీ అరేబియా అభ్యంతరం చెప్పింది. అదే స్వేచ్ఛని పాకిస్తాన్ ప్రతినిధి జఫరుల్లా ఖాన్ సమర్థించాడు. ఇద్దరూ ఇస్లాం పేరుతోనే మాట్లాడారు. ఇందులో ముస్లిం సంస్కృతి అంటే ఎవరి మాట తీసుకోవాలి?

ఆ రోజు సరేనన్న దేశాల్లో బ్రిటన్, ఫ్రాన్స్, బెల్జియం కూడా ఉన్నాయి, చేతిలో వలసల్ని పెట్టుకుని మరీ. గురివింద సామెత ఊరికే పుట్టలేదు. కాకపోతే ఆ వలసల్లోని జనం ఆ కాగితాన్ని చింపెయ్యలేదు. మీరు ఒప్పుకున్నారుగా, ఇప్పుడు మా సంగతేమిటి అని దాన్నే ఎత్తి చూపించారు.

బ్లేడు కొనుక్కున్న అమ్మాయిలు

నా అభిప్రాయాన్ని ఒక కొలిక్కి తెచ్చినవి రెండు ఊళ్ల కథలు. రెండూ ఆడపిల్లల జననాంగాలు కోసే ఆచారం గురించినవే. ఈ ఆచారం తప్పని నాకు ఎలాంటి అనుమానం లేదు. ఎవరి సంస్కృతి వాళ్లదని చెప్పి దీన్ని పక్కకి పెట్టడం నావల్ల కాదు.

1956లో కెన్యాలో, మేరు ప్రాంతంలో, బ్రిటిష్ అధికారుల ప్రోద్బలంతో అక్కడి పెద్దల సభ ఈ కోతని నిషేధించింది. ఆ పెద్దలంతా మగవాళ్లు. ఫలితం ఎవరూ ఊహించలేదు. పదమూడు పద్నాలుగేళ్ల అమ్మాయిలు దుకాణాల్లో బ్లేడ్లు కొనుక్కుని, అడవిలోకి వెళ్లి, ఒకరికొకరు కోసుకున్నారు. వాళ్లకి "ఎన్గాయితానా" అని పేరు పడింది. నాకు నేనే కోసుకుంటా అని దానర్థం. పాతకాలంలో అయితే దానికొక ముసలావిడ, ఒక పద్ధతి, ఒక వేడుక ఉండేవి. ఇప్పుడు అవేవీ లేవు, బ్లేడు మాత్రం మిగిలింది. తర్వాతి మూడేళ్లలో రెండు వేలమందికి పైగా మీద కేసులు పెట్టారు. తమని కాపాడటానికి వచ్చిన చట్టం కింద ఆ అమ్మాయిలూ ముద్దాయిలయ్యారు.

వాళ్లు మూర్ఖులా? అప్పటికి ఆ ప్రాంతంలో స్వాతంత్ర్య పోరాటాన్ని అణచడానికి ఊళ్లకి ఊళ్లు కంచెల్లో పెట్టారు. అన్నీ లాక్కుంటున్నవాడు వచ్చి ఇది మాత్రం నీ మంచికే అంటే ఎవరు నమ్ముతారు?

ఇక రెండో ఊరు సెనెగల్‌లోని మలికౌండా బంబారా. అక్కడ తోస్తాన్ అనే సంస్థ పనిచేసింది. దాన్ని 1991లో మొదలుపెట్టింది మాలీ మెల్చింగ్ అనే అమెరికన్. అంటే బయటిమనిషే. కానీ ఆవిడ ఆ దేశంలో ఏళ్ల తరబడి ఉంది, అక్కడి భాష మాట్లాడుతుంది. తరగతులు కోత గురించి కాదు. చదువు, ఆరోగ్యం, శరీరం, హక్కులు, వాళ్ల సొంత భాషలో. ఆ మాటల్లో ఆ మాటగా ఈ విషయమూ వచ్చింది. మొదట్లో ఆడవాళ్లు దాని గురించి నోరు విప్పడానికే ఇష్టపడలేదు. మెల్లగా తమకి జరిగింది చెప్పుకోవడం మొదలుపెట్టారు. 1997 జులై 31న ఆ ఊరి ఆడవాళ్లు పత్రికలవాళ్ల ముందు నిలబడి, ఇకమీదట మా పిల్లలకి ఇది చెయ్యం అన్నారు.

చుట్టుపక్కల ఊళ్లు మండిపడ్డాయి. అప్పుడు ఇంకో ఊరి పెద్దమనిషి దెంబా జవారా అసలు కిటుకు పట్టుకున్నాడు. మా పిల్లల్ని పక్క ఊళ్లకిచ్చి పెళ్లిళ్లు చేస్తాం, ఒక్క ఊరు మానేస్తే ఆ ఊరి అమ్మాయిలకి పెళ్లిళ్లు కావు, కాబట్టి చుట్టాలున్న ఊళ్లన్నీ కలిసి మానేయాలి అన్నాడు. అని ఊరుకోలేదు, నడుచుకుంటూ ఊరూరా తిరిగాడు. కొన్ని నెలలకే, 1998 ఫిబ్రవరిలో, 13 ఊళ్లు కలిసి మాట ఇచ్చాయి. ప్రభుత్వ చట్టం 1999లో వచ్చింది. అంటే చట్టం కంటే ముందు మనుషులు వచ్చారు.

చైనాలో ఆడపిల్లల పాదాలు కట్టే ఆచారం పోయిన తీరు కూడా దాదాపు ఇదే. వెయ్యేళ్ల ఆచారం. 1870లలో దాన్ని మాన్పించే పని మిషనరీలు మొదలుపెట్టినా, ఆ పని ఊపందుకుంది కాంగ్ యూవే లాంటి చైనా సంస్కర్తలు అందుకున్నాకే. వాళ్లు పెట్టిన సంఘాల్లో చేరేవాళ్లు రెండు ప్రమాణాలు చేసేవాళ్లు. మా అమ్మాయి పాదాలు కట్టం, పాదాలు కట్టిన పిల్లని మా అబ్బాయికి చేసుకోం. రెండోది లేకపోతే మొదటిదానికి విలువే లేదు. ఈ లెక్క బయటినుంచి చూసేవాడికి తట్టదు. లోపల పిల్లనిచ్చి పుచ్చుకునేవాడికే తెలుస్తుంది.

ఇక్కడ క్యూ సంగతికి మళ్లీ వస్తాను. ఆ సంఘటన జరిగిన రెండేళ్లకి నా స్నేహితుడి ఇంట్లో మాటల మధ్య ఆవిడ ప్రస్తావన వచ్చింది. మావాడు నవ్వుతూ, "నేను ఇప్పుడు వీణ్ణి కొట్టడం మానేశాలే, ఆవిడ చెప్పినందుకు కాదు" అన్నాడు. వాడి భార్య వంటగదిలోంచే, "మరి నేను అంతకుముందు నాలుగేళ్ల నుంచీ చెప్పానుగా" అంది. నేను ఆశ్చర్యపోయి, "మరి ఆ రోజు ఆవిడతో అలా అన్నావేంటమ్మా?" అని అడిగాను. ఆమె చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చింది. "ఏం చెయ్యమంటారన్నయ్యా? అంతమందిలో ఆ పరాయావిడ అలా అన్నాక, నేను ఈయన పక్కన నిలబడకుండా ఎలా ఉంటాను? ఆ తర్వాత ఆర్నెల్లు నేను కొట్టొద్దన్నప్పుడల్లా, నువ్వూ ఆవిడలా మొదలుపెట్టావా అనేవారు."

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఆమె అప్పుడే చెప్పేసింది. బయటినుంచి రుద్దడంలో నాకు కనపడే పెద్ద నష్టం, రుద్దినవాడి గర్వమో, రుద్దించుకున్నవాడి అవమానమో కాదు. లోపల అప్పటికే ఆ మాట అంటున్న మనిషి గొంతు పోతుంది. అప్పటిదాకా ఆ మనిషి ఇంటిమనిషి, ఆ మాట ఇంట్లో తగువు. రుద్దుడు మొదలయ్యాక అదే మాట శత్రువు మాట అవుతుంది, ఆ మనిషి ద్రోహి అవుతుంది. కెన్యాలో ఆ అమ్మాయిల తల్లుల్లో ఒక్కరైనా లోలోపల వద్దనుకుని ఉండరా? ఆ మూడేళ్లలో వాళ్లు ఆ మాట పైకి అనగలిగి ఉంటారా?

సతి నిషేధం సంగతేమిటని అడుగుతారని తెలుసు. ఆ కథ అందరికీ తెలిసిందే. ఒక్క ముక్క చెబుతాను. పదేళ్లకి పైగా సతికి వ్యతిరేకంగా రాస్తున్న రామ్మోహన్ రాయ్, 1829లో గవర్నర్ జనరల్ బెంటింక్ సలహా అడిగినప్పుడు, ఒక్కసారిగా నిషేధం వద్దు, అడ్డంకులు పెంచుతూ మెల్లగా ఆపండి అన్నాడు. తీరా చట్టం వచ్చాక మాత్రం వెనక్కి తగ్గలేదు. సనాతనులు లండన్‌లో అప్పీలుకి వెళితే, దాన్ని ఎదుర్కోవడానికి తనూ అక్కడికి వెళ్లాడు. 1832లో ఆ అప్పీలు కొట్టేశారు. అంత కాలం పోరాడినవాడికి కూడా చట్టం అనేసరికి బెరుకు ఎందుకో ఆలోచించాలి. బెంటింక్ చేసింది తప్పని మాత్రం నేను అనలేను. మెల్లగా ఆపేలోపు ఎంతమంది కాలిపోయేవాళ్లో లెక్క ఎవరు చెబుతారు?

మరి లాగోస్?

లోపలి గొంతుకి తోడు నిలవండి, అంతకుమించి చెయ్యొద్దు అని ఇక్కడితో ముగించేస్తే నాకు హాయిగా ఉండేది. కానీ ఇందులో నన్ను ఇబ్బంది పెట్టేవి ఉన్నాయి.

బానిస వ్యాపారాన్ని తీసుకోండి. పద్దెనిమిదో శతాబ్దంలో ఆఫ్రికన్లని ఓడల్లో కుక్కి అమ్మిన దేశాల్లో బ్రిటన్ ముందు వరసలో ఉంది. 1807లో తన వ్యాపారాన్ని నిషేధించుకుంది. తర్వాత నౌకాదళాన్ని పంపి ఇతరుల ఓడల్నీ ఆపింది, తీరంలోని రాజుల చేత ఒప్పందాలు చేయించింది. 1851 డిసెంబర్లో ఇప్పటి నైజీరియాలోని లాగోస్ మీద ఫిరంగులు పేల్చి, బానిస వ్యాపారం మానని రాజు కొసోకోని తరిమేసి అకితోయేని గద్దె ఎక్కించింది. కొత్త ఏడాది మొదటి రోజునే వ్యాపారం ఆపుతామని సంతకం పెట్టించుకుంది. ఇంతకంటే పచ్చిగా రుద్దడం ఉంటుందా? అయినా ఓడ అడుగున గొలుసులతో పడున్నవాణ్ణి అడిగితే, ఫిరంగి ఎవరిదైతే నాకేం, పేల్చండి అనే అంటాడు. అతనికి నేను మా రుద్దుడు సిద్ధాంతం చెప్పలేను.

అదే లాగోస్‌ని 1861లో, పదేళ్లు తిరక్కుండానే, బ్రిటన్ తన వలసగా కలిపేసుకుంది. 1833 చట్టంతో తన వలసల్లో బానిసత్వాన్ని రద్దు చేసినప్పుడు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, బానిసలకి కాదు, యజమానులకి. మంచి పనీ, కబ్జా ఒకే ఓడలో వచ్చాయి. ఏది ఎక్కడ మొదలైందో విడదీయమంటే నావల్ల కాదు.

ఇంకో చిక్కు. లోపలి గొంతు విన్నామని ఎవరైనా చెప్పుకోవచ్చు. ఈజిప్టుని ఏలిన బ్రిటిష్ అధికారి లార్డ్ క్రోమర్, ఇస్లాం స్త్రీలని ముసుగులో పెట్టి అణచేస్తోంది, అందుకే ఈ దేశం వెనకబడింది అని వాదించేవాడు. అక్కడ బడి ఫీజులు పెంచి ఆడపిల్లల చదువుకి అడ్డం పడింది ఆయన పాలనే. ఇంగ్లండ్‌కి తిరిగొచ్చాక ఏం చేశాడంటే, ఆడవాళ్లకి ఓటు హక్కు ఇవ్వకూడదని మగవాళ్లు పెట్టుకున్న సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఈజిప్టు స్త్రీ మీద జాలి, సొంత ఊరి స్త్రీ మీద అనుమానం.

కాబట్టి నీతి చెప్పడానికి వచ్చినవాడి మాట కంటే ముందు అతని ఇంటి సంగతి చూస్తాను. ఆ నీతి కోసం తన దగ్గర ఏం వదులుకున్నాడు? పని అయ్యాక వెళ్లిపోతాడా, కూర్చుండిపోతాడా? తిరిగి ఎదుటివాడు తనని తప్పు పడితే వింటాడా? మలికౌండాలో ఆ అమెరికన్ పెట్టిన సంస్థ ఈ పరీక్షలో గట్టెక్కుతుందని నాకనిపిస్తుంది. క్రోమర్ గుమ్మం దగ్గరే పడిపోతాడు. లాగోస్ నౌకాదళం సగం గట్టెక్కి సగం మునుగుతుంది. తప్పు పట్టడానికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. మాటకి ఎవరి అనుమతీ వద్దు. మీ దగ్గర ఇది తప్పుగా ఉందని ఎవరైనా ఎవరికైనా చెప్పొచ్చు, చెప్పాలి కూడా. చెప్పకపోతే నువ్వు నాతో వాదించదగ్గ మనిషివి కావు అన్నట్టే. రుద్దడం మాటతో మొదలవదు. చేతిలో లాఠీయో, అప్పు కాగితమో, ఓడో ఉన్నప్పుడు మొదలవుతుంది.

పిల్లల విషయంలో మాత్రం నా లెక్క తప్పుతుందని ఒప్పుకుంటాను. పిల్లాడు అడగడు. కొట్టినవాడి వెనకే దాక్కుంటాడు. లోపలి గొంతు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ బాల్యం కాస్తా అయిపోతుంది. స్వీడన్ 1979లో తల్లిదండ్రులు పిల్లల్ని కొట్టకూడదని చట్టం చేసింది, ప్రపంచంలో మొదటిసారి. ఆ నిబంధనకి విడిగా శిక్ష ఏదీ పెట్టలేదు. పాల డబ్బాల మీద అచ్చువేసి ఇంటింటికీ చేర్చారు, పొద్దున్నే పిల్లలూ పెద్దలూ ఒకే బల్ల దగ్గర చదివేలా. మా క్యూ ఉన్న దేశం స్వీడన్ కాదు గానీ, ఆ అరవై దాటినావిడ చిన్నప్పుడు ఆవిడ దేశంలో కూడా పిల్లల్ని కొట్టేవాళ్లే అయ్యుంటారు. ఆవిడా తినే ఉంటుంది. "మా నాన్నా నన్నిలాగే కొట్టేవాడు" అని మొదలుపెట్టి ఉంటే మావాడు ఏమనేవాడో.

అనకుండా ఊరుకుని ఉంటే బాగుండేదా? ఈ ప్రశ్నకి తొమ్మిదేళ్లలో నా జవాబు మూడుసార్లు మారింది. ఇప్పటికైతే, అన్నందుకే ఆవిడ మీద గౌరవం. "ఇక్కడనే కాదు, ఎక్కడా" అన్న రెండో వాక్యానికి మరీనూ. మొదటిది రూలు చెప్పడం, దానికి ధైర్యం అక్కర్లేదు.

పోయిన నెల ఆ పిల్లాడు కనిపించాడు. పదహారేళ్లు, నాకంటే పొడుగయ్యాడు. ఆ ఎయిర్‌పోర్టు గుర్తుందా అని అడిగాను. ఉందన్నాడు. ఆవిడ గుర్తుందా అన్నాను. ఎవరావిడ అన్నాడు. దెబ్బ కూడా గుర్తులేదట. ఆ హడావిడిలో ఎర్ర కారు పట్టీ అవతలే ఉండిపోయిందనీ, ఎవరికీ చెప్పడానికి ధైర్యం చాల్లేదనీ చెప్పాడు.